పేగు జబ్బు వంశంలో ఉంటే... రక్తపరీక్ష ఎవరితో మొదలుపెట్టాలి?

మన వైపు ఎవరైనా నడివయసులో పోయారనుకోండి. పరామర్శకు వెళ్ళి "ఏం జబ్బమ్మా?" అని మెల్లగా అడుగుతాం. "కడుపులో గడ్డ", "పేగు పూత", "మొలలు ముదిరాయి", "ఏదో ఆడవాళ్ళ జబ్బు"... ఇవే కదా మనకొచ్చే జవాబులు! అసలు పేరు ఎవరూ పైకి చెప్పరు. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలుంటే మరీనూ. అలా దాచిన పేరు ఒక తరం గడిచేసరికి ఆ ఇంట్లోవాళ్ళకే తెలియకుండా పోతుంది. పేరు పోయినంత మాత్రాన జబ్బు పోతుందా? పోదు.

అందుకే ఈసారి వంటలూ అల్లికలూ పక్కనపెట్టి పెద్దపేగు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నేను డాక్టర్ని కాను. ఇంటరుతో చదువు ఆపేసి బందరులో కాపురం చేసుకుంటున్న మామూలు ఇల్లాలిని. మా పిన్నిగారింట్లో జరిగింది దగ్గరుండి చూశాను. తెలియనివి డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పేగులో పులిపిర్లు

మన పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవుంటుంది. దాని లోపలి గోడమీద కొందరికి చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. మెడమీద వచ్చే పులిపిర్లలాంటివే అనుకోండి. కొన్ని పుట్టగొడుగుల్లా కాడతో ఉంటాయి. వీటినే డాక్టర్లు పాలిప్స్ అంటారు. చాలావాటితో ఏ ప్రమాదమూ లేదు. కొన్ని రకాలు మాత్రం నెమ్మదిగా పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. మామూలుగా అందుకు పదేళ్ళదాకా పడుతుంది. అంటే మనకు బోలెడంత వ్యవధి ఉందన్నమాట! ఈలోగా కొలనోస్కోపీ చేస్తే, సన్నటి గొట్టం చివరనున్న కెమెరాతో పేగంతా చూసి, కనిపించిన పాలిప్‌ను తీగ ఉచ్చుతో అక్కడే తీసేస్తారు. చాలావాటికి కడుపు కోసే పని ఉండదు.

పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన వాళ్ళందరికీ అది వంశంలోంచే వచ్చిందనుకోకండి. ఎక్కువమందిలో వయసు, ఊబకాయం, పొగ, మద్యం లాంటి వేరే కారణాలుంటాయి. వందమందిలో సుమారు ఐదుగురికి మాత్రం పుట్టుకతో వచ్చిన ఒకే ఒక్క జన్యువు లోపం కారణమవుతుంది. ఐదుగురే కదా అంటారా? ఆ ఒక్కొక్కరి వెనకాల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కన్నపిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు ఎంతమంది ఉంటారో లెక్కేసుకోండి. వాళ్ళంతా ఇంకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. కాపాడుకోగలిగింది వాళ్ళనే.

అచ్చులో నొక్కు

పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూశారా? చెక్కమీద పువ్వు చెక్కి, ఆ అచ్చును రంగులో అద్ది గుడ్డమీద ఒత్తుకుంటూ పోతారు. అచ్చులో ఒక రేకు విరిగితే, దానితో ఒత్తిన ప్రతి పువ్వుకీ ఆ రేకు లోపమే. జన్యువూ అలాంటి అచ్చే. ఇక్కడ నేను చెప్పే ప్రతి జన్యువుకూ మన ఒంట్లో రెండేసి అచ్చులుంటాయి. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఆ రెండింట్లో ఏదో ఒకటి మన బిడ్డకు వెళుతుంది. ఒకదానికి నొక్కు పడి ఉంటే అది బిడ్డకు వెళ్ళే అవకాశం సగానికి సగం. ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా దానికి లేదు.

పేగు విషయంలో ముఖ్యంగా మూడు రకాలు గుర్తుంచుకోండి.

మొదటిది ఎఫ్.ఎ.పి. సుమారు పదివేలమందిలో ఒకరికి ఉంటుంది. ఇందులో పాడయ్యే ఎ.పి.సి. అనే జన్యువును 1991లో కనిపెట్టారు. బడికి వెళ్ళే వయసులోనే పాలిప్స్ మొదలై వందల్లోకి, వేలల్లోకి పోతాయి. వదిలేస్తే నలభై ఏళ్ళ దరిదాపుల్లో క్యాన్సర్ దాదాపు ఖాయం. అందుకే ఈ కుటుంబాల్లో పిల్లలకు 10-12 ఏళ్ళప్పుడే జన్యు పరీక్ష చేస్తారు. లోపం ఉన్నవారికి అప్పటినుంచే పేగు పరీక్షలు మొదలవుతాయి. పాలిప్స్ మరీ పెరిగితే పెద్దపేగు తీసేయవలసి వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా మొదలవడం కూడా ఉంది.

రెండోది లించ్ సిండ్రోమ్. ఇది అంత అరుదేం కాదు. సుమారు 300 మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా. ఇందులో పాలిప్స్ కొన్నే లేస్తాయి గానీ తొందరగా చెడిపోతాయి. పదేళ్ళు పట్టేది ఒకటి రెండు మూడేళ్ళలోనే అయిపోవచ్చు. ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2 అనే నాలుగు జన్యువుల్లో ఏదో ఒకటి పాడై ఉంటుంది. ఆడవాళ్ళం మనం జాగ్రత్తగా వినవలసింది ఇక్కడే. ఈ లోపం పేగుతో ఆగదు. గర్భసంచి క్యాన్సర్, అండాశయం క్యాన్సర్ కూడా దీనివల్ల వస్తాయి.

మూడోది మ్యూటివైహెచ్ అనే జన్యువు లోపం. దీని సంగతి 2002లో బయటపడింది. దీనికి ఒక అచ్చు పాడైతే చాలదు, రెండూ పాడవ్వాలి. అంటే అమ్మానాన్నా ఇద్దరూ పైకి బాగానే ఉండి, తెలియకుండా చెరొక నొక్కు అచ్చూ బిడ్డకిస్తే జబ్బు వస్తుంది. నెత్తురు కలిసిన పెళ్ళిళ్ళలో ఇద్దరి దగ్గరా ఒకే నొక్కు ఉండే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఎక్కువగా చేసే మనలాంటి ప్రాంతానికి ఇది ముఖ్యమైన మాట.

ఒక కుట్టుపని ఆవిడ చెప్పిన మాట

ఈ లించ్ కథకు మూలం ఒక ఆడమనిషి మాటే! అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుండేవారు. 1895లో ఆయనింటికి బట్టలు కుట్టే ఆవిడ దిగులుగా ఉంటే ఎందుకని అడిగారట. మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో ఆడవాళ్ళ క్యాన్సర్‌తోనో చిన్న వయసులోనే పోతున్నారు, నేనూ అలాగే పోతానని ఆవిడ చెప్పింది. చివరకు గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. ఆ డాక్టరు ఆవిడ మాట కొట్టిపారేయకుండా ఆ కుటుంబంలో ఎవరెవరు ఎలా పోయారో రాసి 1913లో ప్రచురించారు. 1960లలో హెన్రీ లించ్ అనే మరో డాక్టరు ఆ పని ముందుకు తీసుకెళ్ళారు. ఆయన పేరే జబ్బుకు వచ్చింది. ఆ కుటుంబంలో పాడైంది ఎం.ఎస్.హెచ్.2 జన్యువని 2000లో తేలింది. చూశారా! లాబ్ వాళ్ళు నూరేళ్ళ తర్వాత పట్టుకున్నది ఆ కుట్టుపని ఆవిడకు ముందే తెలుసు. ఇంట్లో ఎవరు దేనితో పోయారో ఆవిడ మర్చిపోలేదు. అంతే.

మా పిన్నిగారింట్లో

ఇప్పుడు మా వాళ్ళ సంగతి. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, ఊరూ పేరూ వద్దన్నారు. మా బాబాయిగారిది దివిసీమ. 2009లో 46 ఏళ్ళకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. మరుసటేడు గుడివాడలో ఉండే ఆయన అక్కగారు గర్భసంచి క్యాన్సర్‌తో 50 ఏళ్ళకు పోయారు. ఈయనది పేగు, ఆవిడది గర్భసంచి. రెండింటికీ సంబంధం ఉంటుందని మనం ఎవరమైనా అనుకుంటామా? ఆ ఇంటికి ఏదో దృష్టి తగిలిందన్నారు అందరూ.

2022లో పిన్ని పెద్దకొడుక్కి విరేచనంలో రక్తం పడింది. అతనికప్పుడు 36 ఏళ్ళు. మొలలేలే అనుకోకుండా వెళ్ళి చూపించుకున్నాడు. పేగులో క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేశారు. అప్పుడు డాక్టరుగారు ఒక మాట అడిగారు: "మీ ఇంట్లో ఇంకెవరికైనా?" పిన్ని బాబాయి సంగతి చెప్పింది. మేనత్త సంగతి చెప్పలేదు. ఆవిడది వేరే జబ్బు కదా అనుకుంది. "ఆడవాళ్ళ క్యాన్సర్లు కూడా చెప్పండమ్మా" అని ఆయన రెట్టించి అడిగితే అప్పుడు చెప్పింది.

ముందుగా ఆపరేషన్‌లో తీసిన గడ్డమీదే ఒక పరీక్ష చేయించారు. లించ్ జన్యువులు నాలుగూ తయారుచేసే నాలుగు మాంసకృత్తులు అందులో ఉన్నాయా లేవా అని చూస్తారు. ఎం.ఎస్.హెచ్.2ది కనపడలేదు. ఆ తర్వాత రక్తం తీసి పంపితే, అదే జన్యువులో లోపం పుట్టుకతోనే ఉందని నెలరోజులకు రిపోర్టు వచ్చింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పిన్ని కూతుర్ని ఇచ్చింది ఎవరికనుకున్నారు? గుడివాడ మేనత్త కొడుక్కే! అంటే భార్యాభర్తలిద్దరికీ ఒకే లోపం ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే పిల్లల్లో ఎవరికైనా రెండు నొక్కు అచ్చులూ చేరొచ్చు. అలా చేరితే చిన్నతనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు వస్తాయని డాక్టరు చెప్పారు. ఇటు చూస్తే చిన్నకొడుక్కి బందరులో సంబంధం మాట్లాడుతున్నారు. "పెళ్ళయ్యేదాకా ఎవరూ నోరెత్తకండి" అని పెద్దవాళ్ళ ఆంక్ష. పిన్ని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు తనే అంది: "మీ బాబాయికి ఎవరూ చెప్పలేదు గనక పోయారు. తెలిసి కూడా నేను పిల్లలకు చెప్పకపోతే ఎలాగే?" అని.

ముగ్గురూ విజయవాడ వెళ్ళి రక్తం ఇచ్చారు. ఫలితాలు వచ్చాయి. కూతురికి లోపం ఉంది. అల్లుడికి లేదు. చిన్నకొడుక్కి లేదు. తనకు లేదని తెలిశాక ఆ కుర్రాడు సంతోషించాలి కదా? అక్కకు ఉందని ఏడుస్తూ కూర్చున్నాడు. కూతురికి వెంటనే కొలనోస్కోపీ చేస్తే రెండు పాలిప్స్ కనిపించాయి. తీసేశారు. ఇంకా క్యాన్సర్ కాలేదు. అప్పటికి ఆ పిల్లకు 34 ఏళ్ళు, ఒక్క బాధా లేదు! ఇప్పుడు ఏటా వెళ్ళి చూపించుకుంటోంది.

జబ్బు వచ్చినవారితోనే ఎందుకు మొదలుపెట్టాలి?

ఇలాంటి పరిస్థితిలో మనం చేసేదేమిటి? పిల్లలమీద బెంగతో ముందు ఆరోగ్యంగా ఉన్న కూతురికో కొడుక్కో పరీక్ష చేయిద్దామంటాం. "వాడికెలాగూ వచ్చేసింది, వాడికి మళ్ళీ పరీక్ష దేనికి, డబ్బు దండగ" అంటాం. ఇది తిరగబడ్డ లెక్క. ఆరోగ్యంగా ఉన్నవారికి చేసి "ఏమీ కనపడలేదు" అని వస్తే దానర్థం ఏమిటి? ఇంటి లోపం ఆ పిల్లకు రాలేదనా? లేక ఆ లోపం ఏమిటో లాబ్‌కే దొరకలేదనా? చెప్పలేం.

గాదెలో ముక్కుపుడక పడిపోయిందనుకోండి. ఎక్కడ పడిందో తెలియకపోతే గాదెంతా తవ్వాలి, అయినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఫలానా మూలన పడిందని తెలిస్తే చెయ్యిపెట్టి తీసుకోవచ్చు. జబ్బు వచ్చిన మనిషి రక్తం ఆ మూల ఎక్కడో చెబుతుంది. ఆ తర్వాత మిగతా ఇంటిల్లిపాదికీ ఆ ఒక్కచోటే చూస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది. జవాబు కూడా ఉందో లేదో తేల్చేసేలా ఉంటుంది. లేదని వచ్చినవారికి ఆ భయం తీరినట్టే. వాళ్ళ పిల్లలకూ వాళ్ళ వైపునుంచి అది వెళ్ళదు. ఇక అందరిలాగే మామూలు జాగ్రత్తలు చాలు.

మరి జబ్బు వచ్చిన మనిషి పోయి ఉంటే? ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్కను ఆస్పత్రి లాబ్ వాళ్ళు మైనపు దిమ్మలో పెట్టి కొన్నేళ్ళపాటు దాచి ఉంచుతారు. బ్లాక్ అని అడిగితే తెలుస్తుంది. దానిమీద కూడా కొంతవరకూ పరీక్ష చేయవచ్చు. అందుకని బయాప్సీ రిపోర్టు కాగితాలు కర్మకాండ అయ్యాక పారేయకండి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలోనే పెట్టండి. ఆస్తి కాగితాలెంతో అవీ అంతే.

ఇంకో రకం జవాబు కూడా రావచ్చు. "మార్పు కనపడింది గానీ అది చెడ్డదో కాదో తేలలేదు" అని. దాన్ని చూసి గర్భసంచీ, పేగూ తీయించేసుకోకూడదు. ఆ రిపోర్టు జాగ్రత్త చేసి, ఒకటి రెండేళ్ళకోసారి డాక్టరుని అడుగుతూ ఉండాలి.

మన ఇంటి లెక్కల్లో ఖాళీలు

"మా ఇంట్లో అలాంటివేం లేవండీ" అని గట్టిగా చెప్పేముందు ఒకసారి ఆలోచించండి. బాబాయి తండ్రిగారు 1977 నవంబరు 19 ఉప్పెనలో కొట్టుకుపోయారు. అప్పటికాయనకు నలభై కూడా నిండలేదు. బతికుంటే ఆయనకు ఏ జబ్బు వచ్చేదో ఎవరికి తెలుసు? దివిసీమలో ఎన్నో ఇళ్ళలో ఆ ఒక్కరోజుతో ఒక తరం తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి ఇంట్లో "పెద్దవాళ్ళకెవరికీ క్యాన్సర్ లేదు" అన్నమాటకు అర్థం, వాళ్ళు ఆ వయసుదాకా బతకలేదని మాత్రమే.

రెండో ఖాళీ గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తంమీద మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని తేలింది. 15-49 ఏళ్ళవారిలో వందకు దాదాపు తొమ్మిదిమంది! ముప్ఫై ఏళ్ళకే తీసేసినవారికి తర్వాత గర్భసంచి క్యాన్సర్ ఎలా కనపడుతుంది? కొందరికి అసలు క్యాన్సర్ ఉండే తీసి ఉంటారు, ఇంట్లో "పుండు" అని చెప్పి ఊరుకుని ఉంటారు. మీ అమ్మకో పెద్దమ్మకో ఎందుకు తీశారో కాగితం చూసి తెలుసుకోండి.

మూడోది, గోత్రం లెక్క. ఆడపిల్ల పెళ్ళయితే వేరే గోత్రంలోకి వెళ్ళిపోయిందంటాం. అచ్చు మాత్రం ఆమెతోనే వెళుతుంది, ఆమె పిల్లలకూ వెళుతుంది. తద్దినం పెట్టే ఇళ్ళలో తండ్రి వైపు మూడు తరాలు, తల్లి తండ్రుల వైపు మూడు తరాలు తలుచుకుంటారు కదా! జన్యు డాక్టర్లు అడిగేది కూడా అచ్చం అదే. అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు.

ఎప్పుడు అనుమానించాలి? ఏం చేయాలి?

* ఇంట్లో ఎవరికైనా 50 ఏళ్ళలోపే పెద్దపేగు క్యాన్సర్ గానీ గర్భసంచి క్యాన్సర్ గానీ వచ్చినప్పుడు.
* ఒకే వైపు రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి పేగు, గర్భసంచి, అండాశయం క్యాన్సర్లు ఉన్నప్పుడు.
* ఒకే మనిషికి రెండు వేర్వేరు క్యాన్సర్లు వచ్చినప్పుడు.
* కొలనోస్కోపీలో పదికి మించి పాలిప్స్ కనపడినప్పుడు.

ఇలాంటివి ఉంటే ముందు మీ డాక్టరుతో మాట్లాడి, జన్యు విభాగం ఉన్న ఆస్పత్రికి రాయించుకోండి. హైదరాబాదు నిమ్స్‌లో, వేలూరు సి.ఎం.సి.లో, బొంబాయి టాటా ఆస్పత్రిలో జన్యు డాక్టర్లున్నారు. రక్తం ఇచ్చేముందు కౌన్సిలింగ్ తప్పకుండా చేయించుకోండి. జవాబు ఎలా వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకుంటే, వచ్చాక గుండె జారిపోదు.

లించ్ లోపం ఉందని తేలినా అది క్యాన్సర్ వచ్చిందన్న మాట కాదు. జన్యువును బట్టి వందలో పదిమంది చిల్లరకో, సగం మందికో పేగు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంటుంది. 20-25 ఏళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. కొన్ని జన్యువులకు ఇంకాస్త ఆలస్యంగా మొదలుపెట్టినా సరిపోతుందంటారు. అది డాక్టరే చెప్పాలి. నెలసరి కాని రోజుల్లో గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనపడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. పిల్లలు చాలనుకున్నాక నలభై ఏళ్ళ ప్రాంతంలో గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం గురించి డాక్టరే మాట్లాడతారు. లించ్ లోపానికి పసిపిల్లలకు పరీక్ష అక్కర్లేదు, 18 నిండాక వాళ్ళే నిర్ణయించుకోవచ్చు.

లించ్ ఉన్నవారికి ఆస్పిరిన్ మాత్రలు క్యాన్సర్‌ను తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. కానీ దానివల్ల కడుపులో రక్తస్రావం కావచ్చు. డాక్టరు రాసిస్తేనే వేసుకోవాలి.

మరి తిండి సంగతి? ఆకుకూరలు, దంపుడు బియ్యం, పప్పులు ఎవరికైనా మంచివే. రోజూ వండండి. అయితే తోటకూర పులుసు అచ్చులో నొక్కును సరిచేయదు. పథ్యం చేస్తున్నాం కదా అని పరీక్షలు మానేయకూడదు.

పెళ్ళి సంబంధాల మాట. దాచి చేసిన పెళ్ళి తర్వాత బయటపడితే ఆ పిల్ల బతుకు నరకం. ముందే పరీక్ష చేయించుకుంటే చాలామందికి లేదనే తేలుతుంది. ఉన్నవారికి కూడా "ఏడాదికో పరీక్ష, మిగతాదంతా మామూలే" అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. మేనరికం అనుకుంటున్నవాళ్ళయితే మాట ఇచ్చేముందే రెండిళ్ళ జబ్బుల లెక్కా చూసుకోండి. జాతకాలు చూసుకుంటున్నాం, ఇది చూసుకోలేమా?

చివరగా ఒక చిన్న పని. సంక్రాంతికి అందరూ చేరతారు కదా. అరిసెలు వత్తుతూ మాటల్లో పెట్టి మీ అమ్మనీ, అత్తగారినీ, పెద్దమ్మలనీ అడగండి. ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో, ఎక్కడ చూపించారు. పాలపద్దు రాసుకునే పుస్తకంలాంటిది ఒకటి చాలు. పుట్టింటిది ఒక పేజీ, మెట్టింటిది ఒక పేజీ. అడగడానికి మొహమాటపడకండి. జవాబులు తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళవుతున్నారు, వాళ్ళుండగానే రాసుకోవాలి.